లావోస్ వెళ్తున్నారా.. టూర్‌కైతే సరే, ఉద్యోగానికైతే ఆగండి

థాయ్‌లాండ్, వియత్నాం చూసొచ్చినవాళ్లు ఇప్పుడు మన చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఆ రెండింటి మధ్య ఇరుక్కుని ఉన్న లావోస్ పేరు మాత్రం అంతగా వినబడదు. ఆగ్నేయాసియాలో సముద్రం లేని దేశం ఇదొక్కటే. విస్తీర్ణంలో తెలంగాణకు రెండింతలు ఉంటుంది గాని జనాభా 80 లక్షలు కూడా లేదు. అంటే మొత్తం దేశం కలిపినా మన హైదరాబాద్ కంటే తక్కువ మందే. మెకాంగ్ నది, కొండలు, పాత బౌద్ధ ఆలయాలు, హడావుడి లేని ఊళ్లు.. పిల్లాపాపలతో వారం రోజులు ప్రశాంతంగా తిరిగి రావడానికి బాగుంటుంది.

అయితే ఇదే లావోస్ పేరు ఇంకో దారిలో కూడా మన కుర్రాళ్ల ఫోన్లలోకి వస్తోంది. ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

‘డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్’, ‘కస్టమర్ సపోర్ట్’ అనే ఉద్యోగాలు. కంప్యూటర్ వచ్చి, కొంచెం ఇంగ్లిష్ మాట్లాడితే చాలంటారు. చిన్న ఫోన్ ఇంటర్వ్యూ, టైపింగ్ టెస్ట్ పెట్టి పెద్ద జీతం చెబుతారు. హోటల్, రానుపోను టికెట్, వీసా అన్నీ మేమే చూసుకుంటామంటారు. వీటిని నమ్మొద్దని వియంటియాన్‌లోని భారత రాయబార కార్యాలయం పదేపదే హెచ్చరించింది. దుబాయ్, బ్యాంకాక్, సింగపూర్‌తో పాటు ఇండియాలోనూ ఏజెంట్లు ఉన్నారని, థాయ్‌లాండ్ వరకు విమానంలో తీసుకెళ్లి అక్కడి నుంచి సరిహద్దు దాటించి లావోస్‌లోకి చేరుస్తున్నారని చెప్పింది.

చేర్చేది ఎక్కడికంటే, ఉత్తరాన బొకియో ప్రావిన్స్‌లో ఉన్న గోల్డెన్ ట్రయాంగిల్ స్పెషల్ ఎకనామిక్ జోన్‌కు. థాయ్‌లాండ్, మయన్మార్, లావోస్ కలిసే చోట, మెకాంగ్ ఒడ్డున, కాసినో చుట్టూ పెరిగిన ఊరు అది. ఆ కాసినో నడిపే బృందంపై 2018లోనే అమెరికా ఆంక్షలు పెట్టింది. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టు లాక్కుంటారు. ఆడపిల్లల పేరుతో ఫేక్ ప్రొఫైళ్లు తెరిపించి, అవతలివాళ్లను మాటల్లో దించి, క్రిప్టోలో డబ్బులు పెట్టించే పని అప్పజెబుతారు. ఆ అవతలివాళ్లు మనూరివాళ్లే కావచ్చు. చేయనంటే బెదిరింపులు, కొట్టడాలు. 2024 ఆగస్టులో ఒక్కసారే 47 మంది భారతీయులను రాయబార కార్యాలయం అక్కడి నుంచి బయటకు తెచ్చింది. అప్పటికి మొత్తం కాపాడినవాళ్లు 635 మంది. ఇది ఎక్కడో దూరపు కథ అనుకోవద్దు. ఈ జోన్‌కు మనుషులను పంపిస్తున్నాడన్న కేసులో పరారీలో ఉన్న ఒక వ్యక్తిని ఢిల్లీ పోలీసులు 2024 డిసెంబర్‌లో పట్టుకున్నది మన హైదరాబాద్‌లోనే.

గుర్తుపట్టడం కష్టం కాదు. లావోస్‌లో దిగాక ఇచ్చే వీసా ఆన్ అరైవల్ మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. టూరిస్ట్ వీసాతో వచ్చిన భారతీయులకు అక్కడి అధికారులు వర్క్ పర్మిట్ ఇవ్వరు. కాబట్టి ‘ముందు టూరిస్టుగా వెళ్లు, పర్మిట్ తర్వాత చేయిస్తా’ అన్నాడంటే అక్కడే ఆగిపోవాలి. తెలిసినవాడు చెప్పినా, బంధువు చెప్పినా అంతే. ఏజెంట్‌కు విదేశాంగ శాఖ లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయినా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సర్వీస్ చార్జి తీసుకోకూడదు. విదేశీ ఉద్యోగమే కావాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. అనుమానం వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800 11 3090కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఇక నిజంగా చూడ్డానికే వెళ్లేవాళ్ల సంగతి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఉత్తర లావోస్‌లో పోడు మంటల పొగ కమ్ముకుంటుంది, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ నెలలు వదిలేయడం మంచిది. మే నుంచి అక్టోబర్ దాకా వానలు.

మేడ్చల్, శామీర్‌పేట రెండు చోట్లా ఓఆర్‌ఆర్ ఎక్కితే సిటీలోకి పోకుండానే శంషాబాద్ చేరొచ్చు. కారు లేకపోతే జేబీఎస్ దాకా వెళ్లి పుష్పక్ బస్సు. శంషాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి, అక్కడ మారి వియంటియాన్ లేదా లువాంగ్ ప్రబాంగ్ వెళ్లాలి. బ్యాంకాక్‌లో సువర్ణభూమి, డాన్ మువాంగ్ అని రెండు ఎయిర్‌పోర్టులున్నాయి. చౌకగా వస్తుందని రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాల్సి రావచ్చు. అప్పుడు థాయ్‌లాండ్‌లోకి ఎంట్రీ తీసుకోవాలి, సామాను మళ్లీ చెకిన్ చేయాలి. 2025 మే నుంచి థాయ్‌లాండ్‌లో అడుగుపెట్టే ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి ఫీజు లేదు, డబ్బులడిగే వెబ్‌సైట్ అయితే అది నకిలీదే. ఒకే టికెట్ మీద వెళ్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. తొందర లేనివాళ్లకు ఇంకో దారి, 2024 జులైలో మొదలైన బ్యాంకాక్-వియంటియాన్ రాత్రి రైలు.

లావోస్ వీసా భారతీయులకు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దిగాక ఇస్తారు, 30 రోజులకు. ఆరు నెలలు గడువున్న పాస్‌పోర్టు, ఫొటో, నగదు డాలర్లు పెట్టుకోండి. నలిగిన, చిరిగిన నోట్లు తీసుకోరు. ముందే ఈ-వీసా తీసుకుంటే లైన్ తప్పుతుంది, కానీ అది అన్ని సరిహద్దుల్లోనూ చెల్లదు. ఫీజు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ప్రభుత్వ సైట్‌లో ఒకసారి చూసుకోండి. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు చేతిలో ఉంచుకోండి. ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లను శంషాబాద్ ఇమిగ్రేషన్‌లో ఎందుకు, ఎక్కడికి అని గట్టిగానే అడగొచ్చు. పైన చెప్పిన కథలు విన్నాక వాళ్లను తప్పు పట్టలేం.

దిగాక పని తేలిక. 2021 డిసెంబర్‌లో చైనా-లావోస్ రైలు వచ్చాక, కొండ రోడ్ల మీద రోజంతా పట్టే లువాంగ్ ప్రబాంగ్ ప్రయాణం రెండు గంటలకు వచ్చింది. టికెట్‌కు పాస్‌పోర్టు కావాలి. స్టేషన్‌లో చెకింగ్ ఎయిర్‌పోర్టు లెక్క ఉంటుంది, డియోడరెంట్ స్ప్రేలు, కత్తులు తీసేసుకుంటారు. లువాంగ్ ప్రబాంగ్ 1995 నుంచి యునెస్కో వారసత్వ నగరం. దక్షిణాన చంపాసాక్‌లో వాట్ ఫూ అనే పాత శివాలయం ఉంది, దాని మరమ్మతు పనుల్లో మన ఆర్కియలాజికల్ సర్వే పాలుపంచుకుంది. ‘ఫ్రా లక్ ఫ్రా లామ్’ పేరుతో రామాయణం కూడా వాళ్లకుంది.

షియెంగ్ ఖువాంగ్‌లోని రాతి జాడీల మైదానం చూడాలనుకుంటే మాత్రం గుర్తులు పెట్టిన దారి తప్పి ఒక్క అడుగు కూడా పక్కకు వేయొద్దు. 1964-73 మధ్య అమెరికా ఈ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. పేలనివి ఇప్పటికీ పొలాల్లో ఉన్నాయి. వాంగ్ వియెంగ్‌లో 2024 నవంబర్‌లో మిథనాల్ కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. ఊరికే పోసే మందు అక్కడ ఎవరిచ్చినా ముట్టొద్దు.

తిండి దగ్గర కొంచెం ఇబ్బందే. పంది మాంసం ఎక్కువ, కూరగాయల వంటల్లోనూ చేప ఊట కలుపుతారు. శాకాహారులు గాని, హలాల్ చూసుకునేవాళ్లు గాని ఆర్డర్ ఇచ్చే ముందు అడిగి తీరాలి. పెద్ద ఊళ్లలో భారతీయ హోటళ్లున్నాయి. వియంటియాన్‌లో నామ్ ఫూ ఫౌంటెన్ దగ్గర సందులో జామా మసీదు ఉంది, దాన్ని నిలబెట్టింది తమిళనాడు నుంచి వెళ్లి స్థిరపడిన ముస్లింలు. కంబోడియా నుంచి వచ్చిన చామ్ ముస్లింలకు వేరే మసీదు ఉంది. హలాల్ ఎక్కడ దొరుకుతుందో జుమ్మా నమాజుకు వెళ్తే అక్కడే ఎవరో ఒకరు చెబుతారు.

అక్కడి డబ్బు కిప్. మన రూపాయికి రెండు వందలకు పైగా వస్తాయి కాబట్టి బిల్లు లక్షల్లో కనిపిస్తుంది, కంగారు పడొద్దు. యూపీఐని నమ్ముకుని వెళ్లకండి, నగదు ఉంచుకోండి. బయల్దేరే ముందు పాస్‌పోర్టు, వీసా, టికెట్ల కాపీలు, రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ నంబర్ ఇంట్లో ఒకరి దగ్గర పెట్టండి. ఫోన్‌లో ఉంటే చాలదు, కాగితం మీద రాసి ఇవ్వండి.