పత్రాలు లేనివారు ఆశ్రయం కోరవచ్చా? అమెరికా చట్టం, మన విద్యార్థులు

కూకట్‌పల్లిలో కె.పి.హెచ్.బి. కాలనీ రోడ్డు మీద ఒక సాయంత్రం నడిస్తే విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులు ఎన్ని కనబడతాయో మీకు తెలిసిందే. మీలో చాలామందికి అమెరికాలో ఒక అన్నో, వదినో, బాబాయి కొడుకో ఉండే ఉంటారు. సంపర్క తరగతిలో వలస చట్టాల పాఠం అయ్యాక ఒకరిద్దరు ఆగి, మిగతావారు వెళ్లేదాకా చూసి, మెల్లగా అడిగే ప్రశ్న ఒకటుంది: “సార్, మావాడి స్టేటస్ పోయింది. అసైలం వేస్తే ఉండనిస్తారట కదా?” దీనికి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

పత్రాలు లేకపోవడం అంటే

పత్రాలు లేని వలసదారు అనగానే రాత్రిపూట సరిహద్దు దాటే మనిషి గుర్తుకొస్తాడు. మనవారిలో తరచూ కనిపించేది మరో రకం. సక్రమంగా వీసాతో వెళ్లి, తరువాత హోదా కోల్పోయినవారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై దాడులు జరిగి అది మూతపడినప్పుడు రోడ్డున పడిన విద్యార్థుల్లో తెలుగువారే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కూడా వేశారు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ ఇంకా విచిత్రమైనది. అది అమెరికా హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖే వలపన్నడానికి నడిపిన బూటకపు సంస్థ. తొలి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించారని ఎనిమిది మందిపై నేరారోపణ జరిగింది.

వీసా గడువు దాటి ఉండిపోవడం అమెరికాలో సివిల్ ఉల్లంఘన. తనిఖీ లేకుండా సరిహద్దు దాటడం నేరం. అయితే ఆశ్రయం విషయానికి వచ్చేసరికి చట్టం ఈ తేడాను మొదట పట్టించుకోదు. అమెరికా నేల మీద ఉన్న వ్యక్తి, ఏ హోదాలో ఉన్నా, అసలు హోదా లేకపోయినా, దరఖాస్తు పెట్టుకోవచ్చని అక్కడి వలస చట్టం చెబుతుంది. దీనికి మూలం 1951 శరణార్థుల ఒప్పందం. ప్రాణభయంతో పారిపోయేవాడు పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర వరుసలో నిలబడలేడన్న ఇంగితం అందులో ఉంది. 1967 నాటి ప్రోటోకాల్ ద్వారా అమెరికా 1968లో ఈ ఏర్పాటులో చేరింది, 1980లో తన శరణార్థుల చట్టం చేసుకుంది. ఆచరణలో మాత్రం ఈ తలుపు వెడల్పు ప్రభుత్వాన్నిబట్టి మారుతుంటుంది. 2025 జనవరిలో వచ్చిన అధ్యక్ష ప్రకటన దక్షిణ సరిహద్దు దాటి వచ్చినవారికి దాన్ని దాదాపు మూసివేసింది.

భయం ఒక్కటే చాలదు

దరఖాస్తు పెట్టగలగడం వేరు, ఆశ్రయం దొరకడం వేరు. స్వదేశానికి వెళితే హింసకు గురవుతానన్న సహేతుకమైన భయం ఉండాలి. ఆ హింసకు కారణం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, లేదా ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం, ఈ ఐదింటిలో ఒకటై ఉండాలి. భయం ఎంత ఉంటే సహేతుకం? అమెరికా సుప్రీంకోర్టు 1987లో కార్డోజా-ఫోన్సెకా కేసులో, పదింట ఒక వంతు అవకాశం ఉన్నా సరిపోవచ్చని చెప్పింది. అంటే ఇక్కడ చట్టం ఉదారంగానే ఉంది. మనవారి దరఖాస్తులు తట్టుకోలేకపోయేది “కారణం” దగ్గర. పాతిక లక్షల అప్పు, ఊళ్లో పరువు, పోయిన ఉద్యోగం, వడ్డీ వ్యాపారి వేధింపు, ఇవన్నీ నిజమైన కష్టాలే. కానీ ఆ ఐదింటిలో ఇవి ఇమడవు.

ఒక ఉదాహరణతో చూడండి. కులాంతర వివాహం చేసుకున్న యువతి, పుట్టింటివారు చంపుతారన్న భయంతో ఆశ్రయం కోరిందనుకుందాం. భయం ఊహ కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో జరిగిన హత్య మనందరికీ తెలుసు. కులం కారణం కాబట్టి సామాజిక వర్గం అన్న వాదన నిలబడవచ్చు. అప్పుడు అధికారి ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాడు. మీ ప్రభుత్వం మిమ్మల్ని కాపాడలేదా? నల్లగొండ కోర్టు అదే కేసులో 2025 మార్చిలో ఒకరికి ఉరిశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం వేసింది కదా? రెండోది, మరో రాష్ట్రానికి వెళ్లి బతకలేరా? భారతదేశం నుంచి వచ్చే దరఖాస్తులకు ఈ రెండో ప్రశ్న పెద్ద అడ్డంకి. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు, దానికి వచ్చిన స్పందన, బెంగళూరుకో పుణెకో వెళ్లినా వెంటాడిన బెదిరింపులు, వీటికి ఆధారం చూపగలిగితేనే కేసు నిలుస్తుంది. శిక్ష హత్య జరిగిన తరువాత పడింది, కాపాడటం అంటే హత్య జరగకుండా చూడటం అని ఆమె న్యాయవాది వాదించవచ్చు. నాకైతే ఆ వాదనలో బలం ఉందనిపిస్తుంది.

దరఖాస్తు నడక

ఫారం పేరు ఐ-589. అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు వేయాలి. ఈ గడువు తెలియకే చాలామంది నష్టపోతారు. మినహాయింపులు ఉన్నాయి: స్వదేశంలో పరిస్థితులు మారడం, తీవ్రమైన అనారోగ్యం వంటివి. చెల్లుబాటయ్యే విద్యార్థి హోదాలో ఉన్నంతకాలం ఈ గడువు సాధారణంగా అడ్డురాదు. హోదా పోయాక మాత్రం సమంజసమైన వ్యవధిలోనే దరఖాస్తు చేయాలి. ఒకప్పుడు రుసుము ఉండేది కాదు. 2025లో చేసిన చట్టంతో 100 డాలర్లు, కేసు పెండింగులో ఉన్న ప్రతి ఏడాదికి మరో 100 డాలర్లు వచ్చి చేరాయి.

బహిష్కరణ కేసు లేనివారి దరఖాస్తు వలస సేవల సంస్థకు వెళుతుంది. వేలిముద్రలు తీసుకున్నాక ఒక అధికారి ఇంటర్వ్యూ చేస్తాడు. ఇంగ్లీషు రాకపోతే తెలుగు దుబాసీని దరఖాస్తుదారే తెచ్చుకోవాలి. బహిష్కరణ కేసు నడుస్తున్నవారు వలస న్యాయమూర్తి ముందే ఆశ్రయం కోరాలి. అక్కడ ప్రభుత్వ న్యాయవాది ఎదురు వాదిస్తాడు. మన తరఫు లాయరును పెట్టుకునే హక్కు ఉంది, ఖర్చు మాత్రం మనదే. గడువు దాటిపోయినవారికి బహిష్కరణ నిలుపుదల అనే మరో రక్షణ ఉంది. దానికి ఏడాది నిబంధన లేదు. కానీ హింస జరగడానికే ఎక్కువ అవకాశం ఉందని రుజువు చేయాలి. అది గెలిచినా గ్రీన్‌కార్డుకు దారి ఉండదు. ఆశ్రయం పొందినవారు ఏడాది తరువాత గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు, భార్యనో భర్తనో, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలనో రప్పించుకోవచ్చు.

కథ అల్లి ఇస్తామనేవారు

ఒక విద్యార్థిని తన అన్నకు ఎవరో రాసిచ్చిన వాంగ్మూలం నకలు తెచ్చి నాకు చూపించింది. ఎన్నడూ ఏ పార్టీ సభకూ వెళ్లని కుర్రాడు అందులో రాజకీయ కార్యకర్త. దాడి జరిగిందన్న రోజున అతడు హైదరాబాదులో పరీక్ష రాస్తున్నాడు. హాల్‌టికెట్ ఇంట్లోనే ఉంది! “వర్క్ పర్మిట్ వచ్చేదాకా లాగితే చాలు” అని చెప్పారట. తెలిసి తెలిసి బూటకపు దరఖాస్తు వేశారని తేలితే అమెరికా వలస చట్టం కింద ఏ ప్రయోజనానికీ ఆ వ్యక్తి శాశ్వతంగా అనర్హుడవుతాడు. రేపు అమెరికా పౌరురాలిని పెళ్లి చేసుకున్నా ఆ మచ్చ పోదు. కథ రాసిన ఏజెంటు సంతకం ఆ కాగితం మీద ఉండదు, దరఖాస్తుదారుడిదే ఉంటుంది. నిజమైన కేసులోనూ జాగ్రత్త అవసరం. ప్రాణభయమని చెప్పినవారు చెల్లెలి పెళ్లికి ఇండియా వచ్చి వెళితే, ఆ ప్రయాణమే వారికి వ్యతిరేక సాక్ష్యం.

మన దగ్గర

ఇదే ప్రశ్నను తిప్పి వేసుకోండి. హైదరాబాదులోనే బాలాపూర్ చుట్టుపక్కల మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు ఉన్నారు. వారు నింపడానికి మన దగ్గర ఐ-589 వంటి ఫారం లేదు. భారత్ 1951 ఒప్పందంపైనా, 1967 ప్రోటోకాల్‌పైనా సంతకం చేయలేదు, ప్రత్యేక శరణార్థి చట్టమూ లేదు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ విచారించి ఇచ్చే కార్డు గుర్తింపుగా పనికొస్తుంది గాని, విదేశీయుల చట్టం ముందు అది వీసాతో సమానం కాదు. 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం పౌరులకే కాదు, దేశంలో ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తుందని చెప్పింది. వారికి దొరికే న్యాయపరమైన ఊతం ప్రధానంగా అదే.

మీ అవగాహనను సరిచూసుకోండి: 2023 ఆగస్టులో విద్యార్థి వీసాపై వెళ్లిన యువకుడి హోదా 2025 మేలో రద్దయింది. మతం మారినందుకు స్వగ్రామంలో అతడిపై 2022లో దాడి జరిగింది. ఫిర్యాదు చేస్తే పోలీసులు కేసు నమోదు చేయలేదు. 2025 జూన్‌లో అతడు ఐ-589 వేశాడు. ఏడాది గడువు అతడికి అడ్డవుతుందా? అధికారి అడగబోయే రెండు ప్రశ్నలకు అతడు ఏ ఆధారాలు చూపాలి? పది వాక్యాల్లో రాసి సంపర్క తరగతికి తీసుకురండి.