కరెంటు పది నిమిషాలే... తలదాచుకునేదెక్కడ?

"కరెంటు పెట్టేది పది నిమిషాలేనంట గద బిడ్డా. దానికోసం నెల దినాలు పట్నంల ఏడుండాలె?"

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తెలిశాక మా మేనత్త నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. ఏడవలేదు, బతుకుతానా అని అడగలేదు. ఎక్కడుండాలి అని అడిగింది. ఆమెది హాలియా. నేనుండేది మిర్యాలగూడలో. హైదరాబాద్‌లో మాకు దగ్గరివాళ్లెవరూ లేరు. 'అదెంత పని, చూద్దాంలే అత్తమ్మా' అన్నాను. ఎంత పనో తర్వాత తెలిసింది.

మన వైపు రేడియేషన్‌ని 'కరెంటు పెట్టడం' అంటారు కదా. ఈ జబ్బుకి మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకసారి చొప్పున పాతిక సిట్టింగులు ఇస్తారు. మధ్యలో వారానికోసారి కీమో. ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్, దాన్ని బ్రాకీథెరపీ అంటారు. ఇదంతా ఎనిమిది వారాల్లోపు ముగియాలి. మధ్యలో మానేసి ఆలస్యమైతే జబ్బు పూర్తిగా లొంగకపోవచ్చు. అంటే మందు ఎంత ముఖ్యమో వరస తప్పకుండా వెళ్లడమూ అంతే ముఖ్యం. ఊరు దూరమైనవాళ్లకి వరస తప్పకూడదంటే దగ్గర్లో ఓ గది ఉండి తీరాలి.

మేమేం చేశామంటారా? మొదటి వారం బస్సులో తిరిగాం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు కదా, గది అద్దె మిగులుతుందని లెక్కేశాం. తెల్లవారుజామున బయల్దేరితే రాత్రి పదికి ఇల్లు. రెండో వారానికి విరేచనాలు మొదలయ్యాయి. పొత్తికడుపుకి రేడియేషన్ ఇచ్చినప్పుడు అది చాలామందికి వచ్చేదే, మూత్రంలో మంట కూడా. నాలుగు గంటల బస్సులో ఆడమనిషి ఆ అవస్థ ఎవరితో చెప్పుకుంటుంది? అత్తమ్మ ఓ ఉపాయం కనిపెట్టింది. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా, తాగకుండా బస్సెక్కడం! నీరసంతో నాలుగు సిట్టింగులు తప్పిపోయాక గానీ మాకీ సంగతి తెలియలేదు.

అప్పుడు గదుల వేట. ఒక లాడ్జిలో గది ఇచ్చినట్టే ఇచ్చి, జబ్బేమిటో తెలిశాక 'మిగతా వాళ్లు భయపడతారమ్మా' అన్నారు. క్యాన్సర్ అంటుకునేది కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. చదువుకున్నవాళ్లకీ ఇది చెప్పాల్సి రావడమే విచిత్రం. చివరికి ఓ ఇంటి మేడ మీద గది దొరికింది. రోజుకి ఏడు వందలు. శని, ఆదివారాలు కరెంటు ఉండదు గానీ అద్దె ఉంటుంది. నెలకి ఇరవై ఒక్క వేలు! వైద్యం ఆరోగ్యశ్రీలో ఉచితంగానే జరిగింది. 2007లో మొదలైన ఆ పథకం ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, కాదనను. కానీ బయట తీసుకున్న గది అద్దె దాని లెక్కలోకి రాదు. అత్తమ్మ మహిళా సంఘంలో తీసుకున్న అప్పు అచ్చంగా ఆ గదికే పోయింది.

రోగికి గది అంటే మంచం, ఫ్యాన్ మాత్రమే కాదండీ. పక్కనే బాత్‌రూము ఉండాలి. జావ కాచుకోవడానికి పొయ్యి ఉండాలి. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయే రోజుల్లో బయటి తిండి ప్రమాదం. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. హాలియాలో ఉండి అర్ధరాత్రి ఎక్కడికి పరుగెత్తుతాం?

మనకి క్యాన్సర్ వైద్యం కొత్త కాదు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి 1955 నాటిది. మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టుకున్న ఆ ఆస్పత్రికి ఉమ్మడి నల్గొండ నుంచి వెళ్లని ఊరు ఉండదేమో. వైద్యానికి ఆస్పత్రి కట్టుకున్నాం, బాగానే ఉంది. బస సంగతి ముందుగా ఆలోచించినవాళ్లు బొంబాయివాళ్లు. పరేల్‌లోని టాటా ఆస్పత్రికి దూరాల నుంచి వచ్చే రోగుల కోసం అక్కడే నానా పాల్కర్ స్మృతి సమితి 1968లో మొదలైంది. దాదర్‌లో గాడ్గే మహారాజ్ పేరున ఓ ధర్మశాల ఉంది. చీపురు పట్టుకుని ఊళ్లు ఊడ్చిన ఆ సాధువు తన జీవితమంతా ధర్మశాలలు కట్టించాడు. అమెరికాలోనూ క్యాన్సర్ సొసైటీ వాళ్లు 1970లో చార్లెస్టన్‌లో 'హోప్ లాడ్జ్' పేరుతో ఉచిత బస మొదలుపెట్టారు. పిల్లల కోసమైతే 2006లో ముంబైలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా కేంద్రాలు హైదరాబాద్‌లో కూడా ఉన్నాయి. చికిత్సలో ఉన్న పిల్లలకీ తల్లిదండ్రులకీ ఉచితంగా చోటిస్తారు, వంట వాళ్లే చేసుకోవచ్చు. మీకు తెలిసిన పిల్లలెవరైనా ఉంటే ఆస్పత్రిలో అడగమని చెప్పండి.

సత్రాలు కట్టడం మనకి చేతకాక కాదు. శ్రీశైలం వెళ్లి చూడండి, కులానికో సత్రం కనిపిస్తుంది. దేవుడి దగ్గర ఒక్క రాత్రి పడుకోవడానికి అన్ని గదులు కట్టించిన పెద్దమనుషులు, క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర నలభై రోజులుండేవాళ్లకి నాలుగు గదులు కట్టించలేరా? ఇది నా కోపం అనుకోండి, ఏమైనా అనుకోండి.

ఈ దారిలో వెళ్లేవాళ్లకి మా అనుభవం పనికొస్తుందని కొన్ని సంగతులు చెబుతాను. వైద్యం మొదలుకాకముందే డాక్టరుని ఎన్ని సిట్టింగులు, ఏ వేళకి అని అడగండి. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి ఇప్పుడు మూడు వారాల్లో ముగిసే పద్ధతి ఉంది. అది మీకు సరిపోతుందేమో అడగడంలో తప్పులేదు. గది సంగతి ఆరోగ్యమిత్రనీ, ఆస్పత్రిలో సోషల్ వర్కర్ ఉంటే వాళ్లనీ అడగండి. ట్రస్టుల గదులుంటే ముందు తెలిసేది వాళ్లకే. మేం అడగలేదు, సిగ్గుపడ్డాం. రైలుకైతే ఆస్పత్రి ఇచ్చే రాయితీ పత్రం చూపిస్తే స్లీపర్‌లో రోగికి చార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవాళ్లకి ముప్పావు వంతు తగ్గింపు. మాకు మిర్యాలగూడలో రైలుంది కదా, ఈ సంగతి తెలిసేసరికి సగం సిట్టింగులు అయిపోయాయి.

జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. వస్తే కీమో కోసం పట్నం పోయే బాధ కొంత తప్పుతుంది. కరెంటుకి మాత్రం ఆ యంత్రం ఉన్న ఊరికే పోవాలి.

తప్పిన నాలుగు సిట్టింగులు కలుపుకుని అత్తమ్మ వైద్యం సరిగ్గా యాభై నాలుగో రోజున ముగిసింది. ఇప్పుడు మూడు నెలలకోసారి చూపించుకు వస్తోంది. గది ఖాళీ చేసేటప్పుడు పొయ్యి, రెండు గిన్నెలు, బియ్యం డబ్బా అక్కడే వదిలేసింది. త్రిపురారం నుంచి వచ్చిన ఓ తల్లీకూతుళ్లు మర్నాడే ఆ గదిలో దిగారు.