రాతినేలపై, చెట్లనడుమ చక్రక్రీడ

క్రీడలు అనగానే మన విద్యార్థుల మనస్సులలో మెదిలేవి క్రికెట్టు, ఫుట్‌బాలు, కబడ్డీ. వీటన్నిటికీ చదునైన ఖాళీ స్థలం కావలెను. కోనసీమలో చదునైన నేలకు కొరత లేదు గాని, ఖాళీ నేలకు కొరత మెండు. కాట్రేనికోన పరిసరాలలో వరిచేను లేనిచోట కొబ్బరితోట, తోట లేనిచోట రొయ్యల చెరువు. ఇట్టి పరిస్థితిలో చెట్టును కొట్టకుండా, నేలను చదును చేయకుండా, ఉన్న స్థలాన్ని ఉన్నట్లే స్వీకరించే క్రీడను గూర్చి తెలిసికొనడం మనకు ఎంతైనా అవసరం. ఆ క్రీడ పేరు డిస్క్ గోల్ఫ్.

గోల్ఫు మనకు కొత్త కాదు. గోల్కొండ కోటలోని నయాఖిలా వద్ద గోల్ఫు మైదానం ఉన్నది. అయితే గోల్ఫుకు పచ్చిక పెంచవలెను, నీరు పెట్టవలెను, ఖరీదైన కర్రలు కొనవలెను. డిస్క్ గోల్ఫులో బంతికి బదులు పళ్ళెం వంటి ప్లాస్టిక్ చక్రాన్ని చేతితో విసురుతారు. గుంటకు బదులు, స్తంభానికి అమర్చిన గొలుసుల బుట్ట గమ్యంగా ఉంటుంది. చక్రం పడినచోటి నుండి మరల విసురుతూ, అన్ని బుట్టలనూ తక్కువ విసుర్లతో ముగించినవారే విజేతలు.

దీని పుట్టుక ఒక పాఠశాలలోనే కనిపించడం విశేషం. 1926లో కెనడాలోని బ్లాడ్‌వర్త్ అనే ఊరిలో బడిపిల్లలు రేకుడబ్బాల మూతలను ఇసుకలో గీసిన వలయాలలోనికి విసురుతూ ఆడుకొన్నారు. తరువాత ఎడ్ హెడ్రిక్ అనే అమెరికన్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత క్రీడాస్థలాన్ని ఏర్పరచినాడు. మొదట అక్కడ గమ్యాలు కేవలం స్తంభాలే. గొలుసుల బుట్ట తరువాత వచ్చినది. 1976లో ఈ క్రీడకు ఒక సంఘం ఏర్పడి నియమావళిని రూపొందించినది.

రాళ్ళు, చెట్లు నిండిన చిన్న క్రీడాస్థలంలో ఒక్కొక్క గమ్యం 50 నుండి 80 మీటర్ల దూరంలో ఉండవచ్చును. దూరం తక్కువ గనుక ఆట సులభమని భావించరాదు. అక్కడ భుజబలం కన్న గురి ముఖ్యం. కుడిచేతివాటం వారు చేతిని ఎడమవైపు నుండి ముందుకు తిప్పి విసిరినప్పుడు, వేగం తగ్గిన పిమ్మట చక్రం సాధారణంగా ఎడమకు ఒరుగుతుంది. ఈ గుణాన్ని ఎరిగినవారు చెట్టును చుట్టివచ్చేటట్లు విసరగలరు. ఎరుగనివారి చక్రం మొదటి మానుకే తగిలి వెనుకకు వస్తుంది. రాతినేలపై పరుగెత్తి విసరడం కాలికి ప్రమాదం. నిలకడగా నిలిచి విసరడమే మేలు. బుట్ట ఏటవాలున ఉన్నచో, గురి తప్పిన చక్రం దొర్లి క్రిందికి పోతుంది. కనుక దూరం నుండి సాహసించడం కన్న, ముందు బుట్టకు చేరువగా వేసికొని పిదప ముగించడం వివేకం.

నియమాలలో కూడ ఒక నీతి ఉన్నది. తాను విసరడానికి అడ్డుగా ఉన్నదని పెరుగుతున్న చెట్టు కొమ్మను విరువరాదు. చక్రం చెట్టుపై చిక్కుకొన్నచో దాని సూటిగా క్రింది నేలనుండి ఆడవలెను. పెద్ద బండ వలన చక్రం వెనుక నిలువ వీలుకానిచో, ఆ బండ వెనుకనే నిలిచి విసరవచ్చును. సాధారణంగా ఈ ఆటకు వేరే న్యాయనిర్ణేత ఉండడు. ఆటగాళ్ళే తమ లెక్కను తాము చెప్పుకొంటారు. ఉర్దూలో ఈమాన్‌దారీ అని మనం పిలిచే గుణానికి ఇంతకంటె మంచి అభ్యాసం ఏమున్నది?

గోదావరి ఒండ్రుమట్టితో ఏర్పడిన మన సీమలో బండరాళ్ళు లేవు. కాని బండల స్థానంలో మనకు కొబ్బరిమానులు, బోదెలు ఉన్నవి. చెట్ల వరుసల మధ్య సుమారు 25 అడుగుల ఎడం సహజమైన బాటగా ఉపయోగపడుతుంది. బోదెలో చక్రం పడినచో ఒక విసురు అపరాధంగా కలపవచ్చును. ఇనుపబుట్ట లేకున్నను, మానుకు రొమ్మెత్తున గుడ్డకట్టి దానినే గమ్యంగా ఎంచుకొనవచ్చును. తోట యజమాని అనుమతి తప్పనిసరి. దింపు జరిగేచోట గాని, ముదురు గెలల క్రింద గాని ఆడరాదు.

మైదానం లేదనే కారణంతో విద్యార్థులు, ముఖ్యంగా విద్యార్థినులు, క్రీడలకు దూరం కావడం విచారకరం. ఈ ఆటకు జట్టు అక్కరలేదు, ఇద్దరున్నను చాలును. నాలుగు చక్రాలు, తొమ్మిది గుడ్డపీలికలు సమకూర్చి, వచ్చే క్రీడావారంలో దీనిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టే విషయం కళాశాల కమిటీ వారు పరిశీలించగలరని ఆశిస్తున్నాను.