బ్రేకు మీద కాలు మనదే!

ఆదివారం వస్తే మావారికి స్పానర్లు పూనుతాయి. ఆ ఆదివారం రాణీగంజ్ వెళ్ళి మా పాత మారుతీ 800కి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లూ, వెనక చక్రానికి కొత్త వీల్ సిలిండరూ పట్టుకొచ్చారు. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. అయితేనేం, రాణీగంజ్‌లో దొరకని కారు సామాను ఉంటుందా! అన్నం చల్లారిపోతున్నా లేవకుండా సాయంత్రానికి అన్నీ బిగించేశారు.

రాత్రి ఓసారి పెడల్ తొక్కి చూసి, "మెత్తగా ఉందండీ" అన్నాను. "కొత్త సామాను కదా, అదే సర్దుకుంటుందిలే" అన్నారు. నేనూ ఊరుకున్నాను. తప్పు అక్కడే జరిగింది.

సోమవారం పొద్దున్న పిల్లల్ని బడికి దింపాల్సింది నేను. వెస్ట్ మారేడ్‌పల్లిలో మా ఇంటి వాకిలి గేటు దాకా ఏటవాలే. కారు కదిలింది. గేటు తియ్యడానికి మా చిన్నాడు ముందుకి పరిగెత్తాడు. బ్రేకు మీద కాలు పెడితే దిండు మీద పెట్టినట్టు లోపలికి పోయింది. ఇంకా తొక్కితే పెడల్ నేలకి తగిలిందే తప్ప కారు ఆగలేదు! గబుక్కున హ్యాండ్ బ్రేకు లాగాను. వాడికి రెండు మూరల దూరంలో ఆగింది. వాడు నవ్వాడు. నాకు మాత్రం అరగంట దాకా కాళ్ళ వణుకు తగ్గలేదు.

పక్క వీధి మెకానిక్ వచ్చి ఒకే మాట అన్నాడు: "గాలి పట్టిందమ్మా, సక్కగ తియ్యలె."

సంగతేమిటంటే, మనం పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్ళేది బ్రేకాయిల్. ఆయిల్ నొక్కితే నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. సీసా నిండా నీళ్ళు పోసి మూత బిగించి నొక్కి చూడండి, లొంగదు. సగం ఖాళీ ఉంటే ఇట్టే లొంగుతుంది. సిలిండరు మార్చినప్పుడు గొట్టంలోకి దూరిన గాలిని పూర్తిగా తియ్యకపోతే మన బలమంతా ఆ బుడగలకే సరి. హ్యాండ్ బ్రేకు మాత్రం తీగతో వెనక చక్రాలను పట్టేది. ఆయిల్‌తో దానికి పని లేదు. అందుకే ఆ పూట మమ్మల్ని కాపాడింది.

గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు చక్రం దగ్గర, ఒకరు పెడల్ మీద. రెండోవారు ఎవరంటారు? మనమే! "తొక్కి పట్టండి" అనగానే తొక్కి పట్టాలి. ఆయన నిపిల్ వదులు చేస్తే బుడగలతో ఆయిల్ వస్తుంది, పెడల్ కిందికి దిగుతుంది. నిపిల్ బిగించి "వదలండి" అనేదాకా కాలు ఎత్తకూడదు. ఎత్తామా, గాలి మళ్ళీ లోపలికే. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తుండాలి.

పెడల్ ఏం చెబుతోంది?

* ప్యాడ్లు మార్చాక మొదటిసారి కిందికి పోతే: లోపలి పిస్టన్లను వెనక్కి నెట్టారు కనుక అది మామూలే. కారు కదపకముందే గట్టిపడేదాకా పదేపదే తొక్కాలి.
* మెత్తగా ఉంటే: గాలి ఉంది.
* రెండోసారి తొక్కితేనే పైకి నిలబడితే: వెనక డ్రమ్ములో షూల సందు ఎక్కువై ఉండొచ్చు, సరిచేయించాలి.
* తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతే: ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండరు పాడైంది. కారు కదపొద్దు.
* కారు ఒక పక్కకి లాగితే: ప్యాడ్‌కి గ్రీజు అంటిందేమో, ఒక పిస్టన్ పట్టేసిందేమో చూపించాలి.
* కాస్త దూరానికే ఒక చక్రం కాలిపోతుంటే: అక్కడ బ్రేకు వదలడం లేదు.

బ్రేకాయిల్ డబ్బా మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఏది రాసి ఉంటే అదే పొయ్యాలి. వానాకాలం ఉప్పులా అది తేమ పీల్చుకుంటుంది. ఎప్పుడో మూత తీసి అటక మీద పెట్టిన సీసా పనికిరాదు. ఇంజనాయిల్ అసలే వద్దు, లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఏబీఎస్ ఉన్న కార్లలో కొన్నిటికి గాలి తియ్యాలంటే స్కానర్ కావాలి, వాటిని మెకానిక్‌కే వదిలెయ్యండి.

అన్నీ అయ్యాక మొదటి పరీక్ష బడి దారిలో కాదు. ఇంజన్ స్టార్టు చేసి, నిలబెట్టిన చోటే గట్టిగా తొక్కి చూడాలి. ఆ తర్వాత చదునైన ఖాళీ జాగాలో, ఎదురుగా ఎవరూ లేకుండా, నడక వేగంతో.

"మెత్తగా ఉంది" అని నా కాలు ముందే చెప్పింది. నేనే గట్టిగా పట్టుబట్టలేదు. మావారు ఇప్పటికీ ఆదివారాలు స్పానర్లు పడుతూనే ఉన్నారు, నేను వద్దనను. కానీ పెడల్ గట్టిపడిందని నా కాలు ఒప్పుకునేదాకా తాళంచెవి నా కొంగుముడిలోనే!