ఇంగ్లీషు లేఖ – అర్థస్పష్టత

బ్యాంకునకో, పిల్లల పాఠశాలకో, వైద్యునికో ఇంగ్లీషున నాలుగు పంక్తులు వ్రాయవలసిన యవసరము నేడు మనలో పలువురకు కలుగుచున్నది. అట్టి లేఖలు మా కంటబడినపుడెల్ల వ్యాకరణదోషములకంటె అర్థసందేహమే హెచ్చుగ కనుపించుచున్నది. దోషమును చదువరి మన్నించును. సందేహమున్నచో పాపము, ఆతడేమి చేయగలడు?

వాక్యార్థము బోధపడుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును వలయునని మన శాస్త్రకారులు చెప్పిరి. ఇంగ్లీషునకు వీనిలో సన్నిధియే ప్రాణమని మా యభిప్రాయము. తెలుగున "రాముడు రావణుని చంపెను" అన్నను, "రావణుని రాముడు చంపెను" అన్నను చచ్చినవాడు రావణుడే. విభక్తి మనలను కాపాడును. "రామ కిల్డ్ రావణ" యను వాక్యమున పేర్లు తారుమారైనచో రామాయణమే తారుమారగును! "ఆఫ్టర్ బీయింగ్ బాయిల్డ్, ద చైల్డ్ మే డ్రింక్ ద మిల్క్" అని వ్రాసినచో కాగినవి పాలు కావు, పసిబిడ్డ. "బాయిల్ ద మిల్క్ బిఫోర్ గివింగ్ ఇట్ టు ద చైల్డ్" అన్న చాలును.

మన "నుండి" యను విభక్తి మరియొక చిక్కు. "రెండు దినములనుండి జ్వరము" అనుటకు "ఫ్రమ్ టూ డేస్" అని వ్రాయుచుందురు. కాలపరిమాణమునకు "ఫర్", ఆరంభదినమునకు "సిన్స్" తగును: "ఫర్ టూ డేస్", "సిన్స్ మండే". క్రియయు ముఖ్యమే. "షి హాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్" అన్నచో జ్వరము వచ్చి పోయినదని వైద్యుడు తలచును. "షి హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్" అన్నచో ఇంకను విడువలేదని గ్రహించును. ఈ ఒక్క మాటపై ఆతని త్వర ఆధారపడియుండును గదా!

మనకు "మేము", "మనము" అని రెండు గలవు. ఇంగ్లీషునకు "వుయ్" ఒక్కటే. "వుయ్ షల్ గో టు తిరుపతి ఆన్ ఫ్రైడే" అని వదినగారికి వ్రాసినచో, ఆమె మూట గట్టుకొనవలెనో వలదో యెట్లు తెలియును? "యూ అండ్ వుయ్" అనియో, "మై హస్బెండ్ అండ్ ఐ" అనియో విప్పి చెప్పవలెను.

ఇక దరఖాస్తుల మాట. "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" అని ముగించుట పూర్వపు గుమాస్తాల మర్యాద. అది మాకు రుచింపదు. కావలసినదేదో ఉద్యోగి యూహింపవలెనా? "ప్లీజ్ సెండ్ మి ఎ న్యూ పాస్‌బుక్" అనుట గౌరవమునకు కొరతగాదు. ఇట్టి గుమాస్తా భాష ఇంగ్లండునందును బాధించినదే. 1948లో ఎర్నెస్టు గవర్సు అచ్చటి ఖజానా శాఖవారి కోరికపై ప్రభుత్వోద్యోగులకొరకు "ప్లెయిన్ వర్డ్స్" అను చిన్న గ్రంథము రచించెను.

అమెరికాలోని బిడ్డలకు వ్రాయువారు తేదీని అంకెలతోనే సరిపుచ్చరాదు. 5-6 అనిన మనకు జూన్ అయిదు. అచ్చట మే ఆరు. విమానమునకు ఎదురువచ్చువారికి నెల పేరు అక్షరములలో వ్రాసి పంపుడు.