చెమట చేసే ఉపకారం

మే నెల మధ్యాహ్నం ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనుల్లో నిలబడినవారికి ఎండ సంగతి నేను చెప్పనక్కరలేదు. మా మేనమామ ఒకనాడు అక్కడ పని ముగించి, కలమల్లలో ఇంటికి చేరి, చెంబుల కొద్దీ నీళ్లు తాగి మంచం మీద ఒరిగాడు. కాసేపటికి పిక్కలూ పొట్టా కొంకర్లు పోయి కేకలు పెట్టాడు.

"నీళ్లు తాగితివి సరే, ఉప్పు యాడ తింటివిరా?" అంటూ మా అవ్వ మజ్జిగలో ఉప్పు కలిపి తాగించింది. గంటకు లేచి కూర్చున్నాడు. క్రీ.శ. 575 నాటిదని పండితులు చెప్పే తెలుగు శాసనం దొరికిన ఊరే అయినా, అవ్వకు అక్షరం ముక్క రాదు. ఆమె వైద్యానికి కారణం మాత్రం రసాయనశాస్త్రంలో ఉంది.

నీటి అణువులో ఒక ఆమ్లజని, రెండు ఉదజని పరమాణువులు. ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి కాని పంపకం న్యాయంగా జరగదు. ఆమ్లజని తన వైపు ఎక్కువ లాక్కుంటుంది. అందువల్ల దానికి కొద్దిగా ఋణవిద్యుత్తు, ఉదజనులకు కొద్దిగా ధనవిద్యుత్తు. ఇదే ధ్రువత్వం. ఒక అణువు ఉదజని పక్క అణువు ఆమ్లజనిని పట్టుకుంటుంది. అణువు లోపలి బంధంలో ఈ పట్టు సుమారు ఇరవయ్యో వంతే. అయినా కోటానుకోట్ల పట్లు విడిపించడం మాటలా? నీటికంటె బరువైన హైడ్రొజన్ సల్ఫైడు సున్నాకు 60 డిగ్రీల కిందనే మరుగుతుంది. నీళ్లకు 100 డిగ్రీలు కావాలి. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీల వేడి పడుతుంది. ఆ వేడి మన ఒంటినుంచే పోతుంది. కుండనీళ్లు చల్లబడేదీ, ఊరి దగ్గరి థర్మల్ కేంద్రం శీతల గోపురాలు పనిచేసేదీ ఇలాగే.

ఇక ఉప్పు. సోడియం ధనం, క్లోరిన్ ఋణం. నీటి అణువులు చుట్టూ మూగి రెంటినీ విడదీస్తాయి, చెమటతో బయటికి తీసుకుపోతాయి. జీవకణం పొర కొవ్వుతో అయినది. నూనెకూ నీటికీ పడనట్టే, విద్యుత్తు గల సోడియం ఆ పొరను తనంతట దాటలేదు. ప్రోటీన్ల వాకిళ్లు తెరిస్తేనే లోపలికి పోతుంది. నరమూ కండరమూ పనిచేసేది ఆ రాకపోకలతోనే. ఉప్పు పోయిన ఒంట్లో వట్టి నీళ్లు నింపితే లెక్క తప్పి కండరం బిగుసుకుంటుంది.

అయితే ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. మజ్జిగతో పోయేది కాదు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మామ మరునాడూ గనికి పోయాడు, ముంతలో మజ్జిగ ఉప్పగా ఉందని అవ్వతో పేచీ పెట్టుకుని మరీ.