గాలికి పొలిమేర లేదు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో కర్నూలు–కడప కాలువ క్రింద వరికోతలైన పిదప కొందరు రైతులు పొలములో మిగిలిన గడ్డికి నిప్పు పెట్టుట మనమెరిగినదే. ఆళ్లగడ్డ శిల్పులు యంత్రములతో రాతిని కోయునప్పుడు ధూళి రేగును. కట్టెల పొయ్యిలు, డీజిలు వాహనములు, కర్మాగారములు పొగను చేర్చుచున్నవి. గాలి చెడుటకు ఇవియే ముఖ్య కారణములు.

పొగలోని అతి సూక్ష్మకణములు ఊపిరితిత్తులను దాటి రక్తములో చేరి గుండెజబ్బులను కలిగించును. రాతిధూళిలోని సిలికా వలన వచ్చు సిలికోసిస్ వ్యాధి నయము కానిది. 1952లో లండను నగరమును కమ్మిన పొగమంచు వేలమందిని బలిగొన్నది. బయటి గాలి, ఇంటిపొగ కలసి నేడు ప్రపంచమున ఏటా దాదాపు 70 లక్షల అకాలమరణములకు కారణమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగమసి గాలిలో దూరము పయనించి, హిమాలయముల మంచుపై పడి, దానిని త్వరగా కరిగించుచున్నది.

వాయుకాలుష్య నివారణకు 1981లోనే చట్టము వచ్చినది. అయినను పొలములోని నిప్పును ముందుగా చూచువారు పంచాయతీ సభ్యులే. గడ్డి కాల్చరాదని గ్రామసభలో తీర్మానము చేయింతము. మేతకు పనికివచ్చు గడ్డిని వామి వేయించి, మిగిలినదానిని నేలలో కలిపి దున్నింతము, అది ఎరువగును. నీరు చల్లుచు రాతిని కోయుమని శిల్పులకు చెప్పుదము. మన ఊరి పొగ మన పొలిమేరలో ఆగదు. దానిని ఆపవలసినది మాత్రము మన ఊరిలోనే.